"ఏం లేదులే" అనే మాట గురించి

(మార్చి మొదటి వారంలో తెనాలిలో పెన్షనర్ల సమావేశంలో ఒక ఆడియాలజిస్ట్ మాట్లాడిన మాటలు. రికార్డింగు విని రాసుకున్నది. మొదట్లో ఫ్యాన్ల చప్పుడులో కలిసిపోయిన రెండు మూడు మాటలు వదిలేశాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? అందరూ తల ఊపారు, సంతోషం. కానీ ఆ చివరి వరసలో మాస్టారొకరు నేను అడగడం పూర్తి కాకముందే ఊపేశారు. (నవ్వులు) ఏమీ అనుకోకండి మాస్టారూ, మిమ్మల్ని ఆటపట్టించడానికి కాదు. 22 ఏళ్ళుగా నా పనే ఇది, వినపడకపోయినా తల ఊపేవాళ్ళని పట్టుకోవడం. పక్కవాళ్ళు నవ్వితే వీళ్ళూ నవ్వుతారు, కాకపోతే అర సెకను ఆలస్యంగా. ఆ అర సెకనే నాకు పట్టిస్తుంది.

బాబూ, ఆ పైన రెండు ఫ్యాన్లు కాసేపు ఆపుతావా? ఉక్కపోస్తుందని తెలుసు, ఓ అరగంట ఓర్చుకోండి. కుర్చీలు ఇలా అర్ధచంద్రాకారంలో వెయ్యమన్నది కూడా నేనే, ఇందాక కార్యదర్శిగారు "ఏమిటమ్మా, పురాణ కాలక్షేపానికి వేసినట్టు వేయించారు" అన్నారు. మీ అందరికీ నా ముఖం కనపడాలండీ, అందుకు. మీరు వేసిన స్టేజీ మీద నిలబడితే వెనక కిటికీ, ఎండంతా నా వీపు మీద, ముఖం నీడలో. అప్పుడు నా పెదాలు మీకు కనపడవు. అవి కనపడకపోతే మీలో సగం మందికి నా మాట సగమే అందుతుంది. మీరు పెదాలు చూసి వింటున్నారని మీకే తెలియకపోవచ్చు.

నన్ను చాలామంది చెవి డాక్టరంటారు. డాక్టర్ని కాను. వినికిడి పరీక్ష చేసి, మిషన్ అమర్చి, అమర్చాక ఇంట్లోవాళ్ళకి నాలుగు మాటలు చెప్పే పని నాది. ఇవాళ ఆ చివరి పని గురించే ఎక్కువ మాట్లాడతాను. ఇంకో మాట, పుట్టుకతో వినపడనివాళ్ళ సంగతి వేరు, వాళ్ళకో భాష ఉంది, చేతులతో మాట్లాడుకునే నిండైన భాష. నేను చెప్పేది యాభై అరవై ఏళ్ళు శుభ్రంగా విని, ఆ తర్వాత కొంచెం కొంచెంగా పోగొట్టుకున్నవాళ్ళ గురించి, వాళ్ళతో కాపురం చేస్తున్నవాళ్ళ గురించి.

ముందు మా ఇంటి సంగతే చెప్తాను, ఎందుకంటే తప్పు చేసింది నేనే.

మా నాన్నగారు హైస్కూల్లో లెక్కల మాస్టారు. రిటైరైన నాలుగైదేళ్ళకి వినికిడి తగ్గడం మొదలైంది. నేనే పరీక్ష చేశాను, నేనే మిషన్ అమర్చాను, అంతా పద్ధతిగానే చేశాను. ఒకరోజు రాత్రి అన్నాలు తింటున్నాం. అమ్మ, అన్నయ్య, వదిన, నేను, అందరం ఒకేసారి మాట్లాడుతున్నాం, వంటింట్లో కుళాయి కారుతోంది, హాల్లో టీవీ. వదిన ఏదో అంది, అందరం విరగబడి నవ్వాం. నాన్నగారు కలుపుతున్న ముద్ద ఆపి, నా వైపు తిరిగి "ఏమిటే?" అన్నారు. నేను ఇంకా నవ్వుతూనే, "ఏం లేదులే నాన్నా, తర్వాత చెప్తా" అన్నాను.

ఆయన మళ్ళీ అడగలేదు. మజ్జిగ పోసుకోకుండానే లేచి చెయ్యి కడుక్కున్నారు. అప్పుడు కూడా నాకేం తట్టలేదు. మర్నాడు పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని వచ్చి నా ఎదురుగా కూర్చుని, "తర్వాత చెప్తానన్నావుగా" అన్నారు. నాకు గుర్తు రాలేదండీ. ఎంత ఆలోచించినా రాలేదు. ఆఖరికి వదినని అడిగితే చెప్పింది, మా పెదనాన్నగారి మనవడు కారు నేర్చుకుంటూ సొంత ఇంటి గేటునే గుద్దేశాడని. అంతే, అంత చిన్న విషయం. కానీ ఆయన దానికోసం రాత్రంతా ఆగారు. రోజంతా క్లినిక్‌లో కూర్చుని ఊళ్ళోవాళ్ళకి నీతులు చెప్పేదాన్ని, సొంత తండ్రిని "ఏం లేదులే" అని పక్కన పెట్టేశాను.

అప్పటి నుంచి నా దగ్గరికి వచ్చే ప్రతి కుటుంబాన్నీ అడుగుతాను, మీ ఇంట్లో రోజుకి ఎన్నిసార్లు ఆ మాట వస్తుందని. ముందు అసలు రాదంటారు, తర్వాత ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకుంటారు. పెద్ద విషయాలు ఎలాగూ చెప్తాం. పొలం రిజిస్ట్రేషన్, ఆపరేషన్, పెళ్ళి సంబంధం, ఇవి పక్కన కూర్చుని రెండుసార్లు, అవసరమైతే కాగితం మీద రాసి మరీ చెప్తాం. చెప్పకుండా వదిలేసేది గేటు గుద్దిన కబురు, పక్కింటి పిల్లి కబురు, కూరలో ఉప్పు గురించి వేసిన జోకు. ఇల్లంటే ముప్పాతిక మువ్వీసం అవే కదండీ. అవి అందకపోతే మనిషి అదే ఇంట్లో ఉంటాడు, టైముకి అన్నం తింటాడు, మాత్రలు వేసుకుంటాడు, కానీ అద్దెకున్నవాడిలా ఉంటాడు.

ఇప్పుడు చిన్న ఆట ఆడదాం. ఈ ఫైలు నోటికి అడ్డం పెట్టుకుని, గొంతు తగ్గించి నాలుగు మాటలు చెప్తాను. కాగితం ఉన్నవాళ్ళు రాయండి. (నాలుగు మాటలు చెప్పారు.) ఏం రాశారు? మీరు... తాలు, చాలు, కాలు, కాలు. మీరు? పాలు, తాలు, చాలు... నాలుగోది ఖాళీ. సరే. నేను చెప్పింది పాలు, చాలు, కాలు, తాలు. మూడో వరసలో ఆ అమ్మగారికొక్కరికే నాలుగూ కుదిరాయి. ఇప్పుడు ఫైలు తీసేసి, అదే గొంతుతో చెప్తాను, చూడండి. పాలు. పెదాలు కలిశాయి కదా? కాలు. కలవలేదు. ఇప్పుడు ఎవరూ తప్పు రాయరు, కనీసం ఈ రెంటిదగ్గరా.

జరిగిందేమిటంటే, "ఆలు" అన్న ముక్క అందరికీ వినపడింది. అచ్చులకి బలం ఎక్కువ, బరువైన శబ్దాలు. ఒక మాటని ఇంకో మాట నుంచి విడదీసేది ముందున్న హల్లు. ప, క, త, చ, స, ఇవన్నీ సన్నటి, తేలికైన చప్పుళ్ళు, రెప్పపాటులో వచ్చి పోతాయి. లోపలి చెవిలో నత్తగుల్లలాంటి భాగం ఉంటుంది, అందులో వెంట్రుకల్లాంటి కొసలున్న కణాలు, పుట్టినప్పుడు ఒక్కో చెవికి సుమారు 15,000. గుల్ల మొదట్లో ఉన్నవి సన్నటి శబ్దాలు పడతాయి, లోపలికి పోయేకొద్దీ బరువైనవి. వయసుతో గానీ మోతతో గానీ ముందుగా దెబ్బ తినేది ఆ మొదట్లో ఉన్నవే. మనిషికి అవి పోతే మళ్ళీ మొలవవు. అందుకే మేం తీసే ఆడియోగ్రామ్‌లో, అంటే వినికిడి పరీక్ష గీసే బొమ్మలో, ఎడమవైపు బరువైన శబ్దాలు, కుడివైపు సన్నటివి, గీత ఎడమవైపు చక్కగా పైన ఉండి, కుడివైపుకి వచ్చేసరికి పార్కులో జారుడుబల్లలా కిందికి దిగిపోతుంది.

పైగా మన తెలుగు మాటలు దాదాపు అన్నీ అచ్చుతోనే ముగుస్తాయి. కాబట్టి చెవి మందగించినవాళ్ళకి మన సంభాషణ ఎలా ఉంటుందంటే, తెల్లవారుజామున దూరంగా గుళ్ళో మైకులో పాట వస్తుంది చూడండి, రాగం అంతా తెలుస్తుంది, సాహిత్యం ఒక్క ముక్క తెలియదు, అలా. నా దగ్గరికి వచ్చేవాళ్ళు ఎక్కువమంది మొదట చెప్పేది ఇదే, "మాట వినపడుతోందమ్మా, అర్థం కావట్లేదు". ఇంట్లోవాళ్ళు దీన్ని వయసు మీదపడి బుర్ర పనిచెయ్యకపోవడం అనుకుంటారు. బుర్రకేం కాలేదు, దానికి సరుకు సగమే అందుతోంది.

దీనికి మనం చేసే వైద్యం ఏమిటి? అరవడం. అరిస్తే ఏమవుతుంది? అచ్చులు ఇంకా పెద్దవవుతాయి, హల్లులు అక్కడే ఉంటాయి, నోరు వంకర పోతుంది, పెదాలు చదవడానికి కూడా వీలుండదు. పైగా ఇలాంటి చెవికి ఇంకో గుణం ఉంది, మెల్లగా అంటే వినపడదు, కొంచెం గట్టిగా అంటే సరిపోతుంది, ఇంకొంచెం పెంచితే చెవిలో సూదిలా గుచ్చుకుంటుంది. మధ్యలో జాగా ఇరుకు. అందుకే ఆయన నాలుగుసార్లు "ఆఁ?" అంటాడు, అయిదోసారి మీరు గొంతు పెంచగానే "ఎందుకలా అరుస్తావు, నాకేమన్నా చెవుడా?" అంటాడు. ఇది విన్నవాళ్ళు ఈ హాల్లో ఎంతమంది? (నవ్వులు) చూశారా, ఆడవాళ్ళే ఎక్కువ చేతులెత్తారు.

"ఈయనకి కావలసినవి వినపడతాయండీ, డబ్బుల మాటైతే పక్కగదిలోంచి వినపడుతుంది" అనే ఫిర్యాదు కూడా రోజూ వింటాను. కొంత నిజమే, కానీ నేరం కాదు. పొద్దున పూట, నిశ్శబ్దంగా ఉన్నప్పుడు, ఎదురుగా కూర్చుని, తెలిసిన విషయం గురించి మాట్లాడితే బాగా అందుతుంది. అదే మనిషికి సాయంత్రం ఏడింటికి, మిక్సీ తిరుగుతుంటే, వీపు వెనక నుంచి, కొత్త విషయం చెప్తే ఏమీ అందదు. వినపడని హల్లుల్ని ఆయన రోజంతా ఊహతో పూరించుకుంటూ ఉంటాడు, చెదలు తిన్న పుస్తకం చదివినట్టు. సాయంత్రానికి అలసిపోతాడు. మీకేమో కూర్చుని టీవీ చూస్తున్న మనిషి అలసిపోవడమేమిటనిపిస్తుంది.

ఇక పక్కనున్నవాళ్ళ సంగతి. ఒకావిడ నా దగ్గరికి గొంతు కోసం వచ్చింది. ఎవరో గొంతు డాక్టరు పంపారు. గొంతు బొంగురుపోయి ఆరు నెలలు, మందులకి తగ్గలేదు, పరీక్షలన్నీ అయ్యాక ఆ డాక్టరు "అమ్మా, మీరు రోజూ ఎవరి మీద అరుస్తారు?" అని అడిగారట. భర్త రైస్ మిల్లులో 30 ఏళ్ళు పనిచేశాడు. శబ్దం ఎంత గట్టిదో చెప్పే కొలత డెసిబెల్, 85 డెసిబెల్స్ మోతలో రోజుకి 8 గంటలు, ఏళ్ళ తరబడి ఉంటే చెవికి దెబ్బే, అంతకంటే మోత పెరిగితే అన్ని గంటలు కూడా అక్కర్లేదు. వాళ్ళ మిల్లులో ఎంతుండేదో ఎవరు కొలిచారు గనక. ఆవిడ అన్న మాట నేను మర్చిపోలేను, "ముప్ఫై ఏళ్ళు మిల్లు ఆయన చెవి తింది, పదేళ్ళుగా ఆయన చెవి నా గొంతు తింటోంది" అంది.

ఇంకో మాట కూడా అంది, ఆయన్ని బయట కూర్చోబెట్టాక. "మాకు గుట్టు లేకుండా పోయిందమ్మా" అంది. కోడలితో తేడా వచ్చినా, అప్పు సంగతైనా, ఒంట్లో బాగోకపోయినా ఆయనకి చెప్పాలంటే వీధంతా వినాలి. అందుకని చెప్పడం మానేసింది. వెనకటికి రాత్రి లైటు తీసేశాక పక్కమీద నాలుగు మాటలు అనుకునేవాళ్ళు, ఇప్పుడు చీకట్లో పెదాలు కనపడవు, మిషన్ తీసి డబ్బాలో పెట్టేస్తారు, గుసగుస అసలే అందదు. నలభై ఏళ్ళ కాపురంలో ఆ పావుగంట పోయింది. డెసిబెల్స్ కొలిచే నా యంత్రంలో దీనికి అంకె లేదు. నేనేం మందిచ్చానంటే, నవ్వకండి, లైటు వేసుకుని, మిషన్ తియ్యకుండా, మంచం మీద ఎదురెదురుగా కూర్చుని పావుగంట మాట్లాడుకోమన్నాను, తలుపేసుకుని, సీరియల్ అయిపోయాక. నెల తర్వాత వచ్చారు. గొంతు ఎలా ఉందంటే ఆవిడ కొంచెం సిగ్గుపడింది, నేనింక అడగలేదు.

మన భాషలో చెవిటివాళ్ళ మీద ఉన్నన్ని వెటకారాలు ఇంక దేనిమీదా లేవేమో. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటాం. అసలు శంఖం బరువైన శబ్దం, చాలామంది చెవిటివాళ్ళకి చక్కగా వినపడుతుంది, సామెత కట్టినవాడికి ఆడియోగ్రామ్ తెలియదు. (నవ్వులు) సినిమాల్లో అయితే చెవిటి తాత ఉంటే ఒకటి అడిగితే ఇంకోటి చెప్పాలి, మనం నవ్వాలి. ఇది చూసి పెరిగిన మనిషి తనకే వచ్చినప్పుడు ఒప్పుకుంటాడా? కళ్ళజోడు పెట్టుకుంటే చదువుకున్నవాడిలా కనపడతాడు, చెవి మిషన్ పెట్టుకుంటే ముసలాడిలా కనపడతానని భయం. నా దగ్గరికి వచ్చేవాళ్ళు చాలామంది అయిదారేళ్ళు ఆగి, ఇంట్లోవాళ్ళు బలవంతంగా లాక్కొస్తే వస్తారు.

మిషన్ గురించి. కొన్ని వేల నుంచి లక్షల దాకా ఉన్నాయి. ఆన్‌లైన్‌లో వెయ్యి, రెండు వేలకి దొరికేవి మీ చెవిని బట్టి సరిచేసినవి కావు, మాటతో పాటు ఫ్యాన్‌నీ, కుక్కర్‌నీ కూడా పెంచి పోస్తాయి. పరీక్ష చేయించుకుని, ఆ జారుడుబల్ల గీతకి తగ్గట్టు కంప్యూటర్‌తో సరిచేసిన మిషన్ కావాలి. రెండు చెవులూ తగ్గితే మామూలుగా రెండింటికీ పెట్టుకోవాలి, ఒక్కటి పెట్టుకుంటే మోతలో మాట విడదీయడం కష్టం, శబ్దం ఎటునుంచి వచ్చిందో తెలియదు, రోడ్డు దాటేటప్పుడు అది ప్రమాదం. ఎంత ఖరీదు పెట్టాలమ్మా అని అడుగుతారు. బీరువాలో ఉన్న రెండు లక్షల మిషన్ కంటే చెవిలో ఉన్న పదిహేను వేల మిషన్ నయం. బీరువాలోకి ఎందుకు వెళుతుందంటే, మొదటి నెల గురించి ఎవరూ చెప్పరు కాబట్టి.

మొదటి రోజు సొంత గొంతు కుండలో తలపెట్టి మాట్లాడినట్టుంటుంది. పేపరు తిప్పితే పటపటమంటుంది. పోపు చిటపటలు పటాకుల్లా వినపడతాయి. ఒకాయన మిషన్ పెట్టుకుని ఇంటికెళ్ళి, "గోడ గడియారం చెడిపోయింది, ఏదో చప్పుడు చేస్తోంది" అన్నాడట, అది పదేళ్ళుగా కొట్టుకుంటూనే ఉంది. మెదడు ఆ చప్పుళ్ళని మర్చిపోయింది, మళ్ళీ అలవాటు పడి, ఏది పట్టించుకోవాలో ఏది వదిలెయ్యాలో నేర్చుకోవడానికి వారాలు పడుతుంది, కొందరికి రెండు మూడు నెలలు. మొదట ఇంట్లో, నిశ్శబ్దంగా ఉన్నచోట, రోజుకి రెండు మూడు గంటలు. కొన్న మర్నాడే పెళ్ళికి పెట్టుకెళ్ళి, డీజే పక్కన నిలబడి, "పనికిరాని మిషన్" అనకండి. రెండు వారాలకోసారి వెళ్ళి సరిచేయించుకోండి, అమ్మినవాళ్ళు విసుక్కుంటే విసుక్కోనివ్వండి, అది వాళ్ళ పనే.

బ్యాటరీల సంగతి ఇంట్లో ఇంకొకళ్ళకి కూడా తెలియాలి. ఇదిగో, ఇది 312 సైజు, గోధుమరంగు స్టిక్కరు. కొంచెం పెద్దది 13, నారింజరంగు. చూడండి, ఈ స్టిక్కరు తీస్తే కింద సన్నటి చిల్లులున్నాయి, గాలి వాటిలోంచి పోతేనే బ్యాటరీకి ప్రాణం వస్తుంది. తీసిన వెంటనే మిషన్‌లో పెట్టెయ్యకుండా ఒక నిమిషం ఆగండి. ఒక మామ్మగారు చేతులు వణుకుతాయి, ప్రతిసారీ కష్టమని, ప్యాకెట్‌లో ఆరింటి స్టిక్కర్లూ ఒకేసారి పీకి పళ్ళెంలో పెట్టుకుంది, మాత్రలు విప్పి పెట్టుకున్నట్టు. వాడినా వాడకపోయినా అవి దిగిపోతూనే ఉంటాయి, మళ్ళీ స్టిక్కరు అంటించినా లాభం లేదు. ఆవిడకి చార్జింగ్ పెట్టుకునేది నయమని మార్చాం. కొబ్బరినూనె రాసుకున్నాక, స్నానానికి ముందు, మిషన్ తీసెయ్యాలి. మన కోస్తా ఉక్కకి రాత్రిపూట తేమ పీల్చే గుళికలున్న డబ్బాలో పెట్టాలి. మిషన్ పాడైందని తెచ్చేవాటిలో చాలావాటికి జబ్బేం ఉండదు, గొట్టం చివర గుబిలి అడ్డం పడి ఉంటుంది, తుడిస్తే పాడుతుంది.

మిషన్ ఎంత మంచిదైనా పాత చెవి తిరిగి రాదు, ఇది ముందే చెప్పాలి. మిగతాది ఇంట్లోవాళ్ళు పూరించాల్సిందే. ముందు పేరు పెట్టి పిలవండి, మీ వైపు చూశాక అప్పుడు మాట మొదలుపెట్టండి. వంటింట్లోంచి హాల్లోకి కేకెయ్యకండి, నాలుగడుగులు నడవండి. ఒకసారి అందకపోతే అదే వాక్యం మళ్ళీ అనకండి, మాట మార్చండి, "కాలు" అందకపోతే "మోకాలు నొప్పి తగ్గిందా" అనండి, పెద్ద మాటలో ఆధారాలు ఎక్కువ. విషయం మారితే చెప్పండి, "ఇప్పుడు గ్యాస్ బుకింగ్ సంగతి" అని. నలుగురు మాట్లాడుకుంటున్నప్పుడు నవ్వొస్తే, నవ్వు ఆపకపోయినా పరవాలేదు, ఒకళ్ళు మాత్రం ఆయన వైపు తిరిగి నాలుగు మాటల్లో చెప్పండి. మా ఇంట్లో ఇప్పుడు ఆ డ్యూటీ మా అన్నయ్య కొడుకుది. వాడు కథని ఇంకో రెండు అబద్ధాలు కలిపి చెప్తాడు, మా నాన్నగారికి అసలు వాళ్ళకంటే ఎక్కువ నవ్వొస్తుంది.

పిల్లలు అమెరికాలోనో బెంగుళూరులోనో ఉన్నవాళ్ళు వీడియో కాల్ చెయ్యమనండి, మామూలు ఫోన్‌లో పెదాలు ఉండవు. చెవి వెనక మిషన్ ఉన్నవాళ్ళు ఫోన్‌ని చెవిరంధ్రం దగ్గర కాదు, మిషన్ మైకు దగ్గర పెట్టుకోవాలి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో గూగుల్ వాళ్ళ లైవ్ ట్రాన్స్‌క్రైబ్ అని ఉంది, ఎదుటివాళ్ళు మాట్లాడేది తెలుగులో రాసి చూపిస్తుంది. తప్పులు రాస్తుంది, మా నాన్నగారికి "పెరుగు వేసుకో" అంటే "పరుగు వేసుకో" అని చూపించింది, అయినా బ్యాంకులో, డాక్టరు దగ్గర బాగా పనికొస్తుంది.

ఆస్పత్రి అంటే గుర్తొచ్చింది, ఇది తప్పకుండా రాసుకోండి. తుంటి ఎముక ఆపరేషన్ అయిన ఒక పెద్దాయన్ని చూడమని పిలిచారు, ఏ ఆస్పత్రో అనవసరం. "మతి తప్పింది, అడిగినదానికి జవాబు చెప్పట్లేదు, రాత్రంతా గోల" అన్నారు. మిషన్ ఏదండీ అంటే పోతుందేమోనని ఇంట్లో పెట్టి వచ్చారట, కళ్ళజోడు కూడా. తెలియని చోట, మాస్కులు వేసుకున్న ముఖాలు, నొప్పి, చెవి లేదు, కన్ను లేదు. అలాంటప్పుడు ఎవరికైనా కంగారు పుడుతుంది, పెద్దవయసులో ఆపరేషన్ అయ్యాక వచ్చే అయోమయం ఇంకా పెరుగుతుంది. మనవడు స్కూటర్ మీద వెళ్ళి రెండూ తెచ్చాడు. సాయంత్రానికల్లా పూర్తిగా బాగయ్యాడని చెప్పను, కానీ నర్సు "నొప్పి ఎక్కడ తాతా" అంటే చెయ్యి పెట్టి చూపించాడు. మంచం తలవైపు కాగితం అంటించండి, "ఈయనకి వినపడదు, ఎదురుగా నిలబడి మాట్లాడండి" అని. డాక్టరు మీతో మాట్లాడుతుంటే, "ఆయనతోనే చెప్పండి డాక్టర్ గారూ" అనండి, మర్యాదగానే.

మతిమరుపు మాట వచ్చింది కాబట్టి చెప్తాను. చెవుడుంటే డిమెన్షియా వస్తుందని వాట్సాప్‌లో భయపెడుతున్నారు, మిషన్లు అమ్మేవాళ్ళు ఇంకా భయపెడుతున్నారు. నిజం ఎంతంటే, లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ 2024లో డిమెన్షియాకి, మనం ఏదో ఒకటి చెయ్యగలిగిన 14 కారణాలు చెప్పింది, వాటిలో వినికిడి లోపం ఒకటి. 2023లో అమెరికాలో 70 నుంచి 84 ఏళ్ళ వాళ్ళు 977 మందితో మూడేళ్ళు చేసిన పరీక్ష ఫలితం వచ్చింది. మొత్తం మీద చూస్తే మిషన్ ఇచ్చినవాళ్ళకీ ఇవ్వనివాళ్ళకీ జ్ఞాపకశక్తి, ఆలోచన తగ్గడంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ముందే గుండెజబ్బుల ముప్పు ఎక్కువున్న గుంపులో మాత్రం ఆ తగ్గడం 48 శాతం నెమ్మదించింది. అంతవరకే. భయంతో కొనకండి, మనవడి మాట వినడానికి కొనుక్కోండి.

తొందరగా రెండు మూడు జాగ్రత్తలు. ఒక చెవి హఠాత్తుగా, రాత్రికి రాత్రి పోతే అది వయసు కాదు, ఎమర్జెన్సీ, ఆ రోజే ఇ.ఎన్.టి. డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, రోజులు గడిచేకొద్దీ తిరిగొచ్చే అవకాశం తగ్గుతుంది. ఒక్క చెవిలోనే హోరు, చీము, కళ్ళు తిరగడం, ఇవి కూడా డాక్టరు చూడాల్సినవే. వెల్లుల్లి వేసి కాచిన నూనె చెవిలో పొయ్యకండి, పిన్నీసు, అగ్గిపుల్ల పెట్టకండి. కొన్ని టీబీ ఇంజెక్షన్లు, కొన్ని క్యాన్సర్ మందులు చెవిని దెబ్బతీస్తాయి, అవి వాడాల్సి వస్తే మానెయ్యకండి, మధ్యమధ్యలో వినికిడి పరీక్ష చేయించమని అడగండి.

డబ్బు లేనివాళ్ళకి దారి ఉంది. 60 ఏళ్ళు దాటిన, తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకి రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద వినికిడి యంత్రం ఉచితంగా ఇస్తారు, ఆ పథకం 2017 ఏప్రిల్‌లో మన నెల్లూరులోనే మొదలుపెట్టారు. రెండు చెవుల్లోనూ లోపం 60 డెసిబెల్స్ దాటితే వికలాంగుల చట్టం కిందికి వస్తారు, వైకల్యం ఎంతో తేల్చే సదరం క్యాంపులో సర్టిఫికెట్ తీసుకోవచ్చు. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో వినికిడి లోపాలు చూసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, తెలంగాణలో చుట్టాలున్నవాళ్ళు అక్కడికి వెళ్ళొచ్చు.

ప్రశ్నలుంటే అడగండి. చెప్పండి బాబాయిగారూ.

(సభలో ఒకరు: నాకు బాగానే వినపడుతుందమ్మా. మా కోడలే గొణుగుతుంది.)

(నవ్వులు) కోడలుగారు నిజంగా గొణుగుతారేమో, నేను కాదనను. ఒక్క ప్రశ్న, మీ మనవలు కూడా గొణుగుతారా? ఆఁ, వాళ్ళూనా. టీవీలో వార్తలు చదివే అమ్మాయి? ఆవిడా సరిగ్గా చదవట్లేదు. ఊరంతా ఒకేసారి గొణగడం మొదలుపెట్టిందంటే, ఒకసారి నా దగ్గరికి రండి బాబాయిగారూ. కోడలుగారిని కూడా తీసుకురండి, ఇద్దరిలో ఎవరిదో చూద్దాం.

(ఒక స్త్రీ: మా వారు మిషన్ కొన్నాక పెట్టుకోవట్లేదండీ. ఏం చెయ్యమంటారు?)

పెట్టుకోమని రోజూ పోరుతున్నారా? పోరుతున్నారు. ఓ వారం ఆపండి. ఆయనకి ఇష్టమైన ఒక్క పని చెప్పండి. రేడియోలో పాత పాటలా. సరే, పాటలప్పుడు మాత్రమే పెట్టుకోమనండి, అరగంట. మిగతా రోజంతా తీసెయ్యమనండి, మీరే చెప్పండి తీసెయ్యమని. గుచ్చుకుంటోందేమో, కూతపెడుతోందేమో కూడా అడగండి, మగవాళ్ళు నొప్పని చెప్పరు, బాగోలేదంటారు, అంతే. అప్పటికీ కాకపోతే మిషన్ తీసుకుని ఇద్దరూ రండి. మీరొక్కరే రావద్దు, మీరు చెప్పింది నేను రాసుకుంటే అది మీ ఆడియోగ్రామ్ అవుతుంది, ఆయనది కాదు.

ఆ పక్క బల్ల మీద మా పిల్లలు చెవిలో గుబిలి చూసే లైటు పెట్టుకుని కూర్చున్నారు. పేర్లు రాయించుకోండి, పిలిచినప్పుడు పేరు పలకరు, ఎదురుగా వచ్చి భుజం తడతారు. టీ కూడా వచ్చినట్టుంది. బాబూ, ఇంక ఆ ఫ్యాన్లు వేసెయ్.